సీసాలో దాల్చినచెక్క

(ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా అండీ? సరే. మాట్లాడటం మొదలుపెట్టే ముందు మీకు ఒక చిన్న పని. సన్నగా పొడుగ్గా ఉన్న కాగితం ముక్కలు మూడు మీ చేతుల్లోకి వస్తున్నాయి చూడండి, వాటి మీద ఒకటి, రెండు, మూడు అని పెన్సిల్‌తో రాశాను. ముక్కుకి ఆనించకండి, ఒక అంగుళం దూరంలో పెట్టి మెల్లగా పీల్చండి. ముందు ఒకటో నంబరు. ఏమిటది? అవును, వెనిలా. ఐస్‌క్రీము, కేకు, ఏదైనా అనండి. ఇప్పుడు రెండోది. పంటినొప్పి అంటున్నారు ఎవరో, కరెక్టు, అది లవంగ నూనే. ఇక మూడోది. దాని పేరు తర్వాత చెప్తాను, ఒక్కసారి పీల్చి, మొట్టమొదట ఏం గుర్తొచ్చిందో అది మనసులో పెట్టుకుని ఒళ్ళో ఉంచుకోండి. ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది, జాగ్రత్త. చివర్లో మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

నేను పదహారేళ్ళు ఒక బిస్కెట్ల కంపెనీలో ఫ్లేవర్ విభాగంలో పనిచేశాను. పొద్దున్నే వెళ్ళి వరసగా చిన్న చిన్న సీసాలు వాసన చూడటం, నిన్నటి సరుకూ ఇవాళ్టి సరుకూ ఒకేలా ఉన్నాయా లేదా చెప్పడం, అదే ఉద్యోగం. అక్కడే నాకు సెంట్ల మీద ఇష్టం పుట్టింది, ఎందుకంటే వెనిలా వాసన ఇచ్చే పదార్థం వెనిలిన్, బిస్కెట్లో వేసేదీ, పారిస్ సెంటులో వేసేదీ ఒకటే పదార్థం. ఒకటే. శుద్ధిలో, దరలో తేడా ఉండొచ్చు గానీ పదార్థం అదే. ఈ మాట విన్నప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు ఆ మూడో కాగితం మీద ఉన్నది ఏమిటో చెప్తాను. దాని పేరు ఏంజెల్స్ షేర్. కిలియన్ అనే ఫ్రెంచి సెంట్ల సంస్థ 2020లో తెచ్చింది, తయారుచేసిన పెర్‌ఫ్యూమర్ బెన్వా లపూజా. సీసా చూస్తే విస్కీ తాగే గాజు గ్లాసులా ఉంటుంది. ఖరీదు ఎక్కువ, నేను సీసా మొత్తం కొనలేదు, 5 ఎంఎల్ డీకాంట్, అంటే పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి పోసి అమ్మేది, కొనుక్కున్నాను. అందులో ఉన్నవి కోన్యాక్ అనే ద్రాక్ష సారాయి, దాల్చినచెక్క, టోంకా గింజ, ఓక్ చెక్క, గంధం, వెనిలా, ప్రాలీన్. ప్రాలీన్ అంటే పంచదార పాకంలో వేయించిన గింజలు, మన వేరుశనగ చిక్కీకి దూరపు చుట్టం అనుకోండి. ఇలా తినే పదార్థాల వాసన వచ్చే సెంట్లని గోర్మాండ్ అంటారు. ఫ్రెంచి మాట, తిండి మీద మక్కువ ఉన్నవాడు అని అర్థం.

మరి ఇందులో నన్ను పట్టుకున్నది ఏమిటి? తీపి కాదు. తీపి సెంట్లు బజారు నిండా ఉన్నాయి. నన్ను పట్టుకున్నది ఆ దాల్చినచెక్క. అది తీసేస్తే ఈ సెంటు పదినిమిషాల్లో మొహం మొత్తుతుంది. తీపిని నిలబెట్టేది ఘాటు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఏంజెల్స్ షేర్, అంటే దేవదూతల వాటా. ఫ్రాన్సులో కోన్యాక్ అనే ఊరు ఉంది, అక్కడ ద్రాక్ష సారాయిని ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి దాచిపెడతారు. పీపా చెక్కలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. ఆ పోయినదాన్ని అక్కడివాళ్ళు దేవదూతల వాటా అంటారు. ఆ ఊళ్ళో గోడలు, ఇళ్ళ కప్పులు మసి పట్టినట్టు నల్లగా ఉంటాయి. మసి కాదండీ, ఆ ఆవిరి తగిలే చోట పెరిగే ఒక రకం బూజు. ఎవరి గోదాములో సరుకు దాగుందో గోడ రంగే చెప్పేస్తుంది. సరే, ఆవిరి పోతే పోయింది, లోపల ఉన్నదానికి ఏమవుతుంది? ఓక్ చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, పీపా చేసేటప్పుడు చెక్కని నిప్పు మీద కాలుస్తారు, ఆ వేడికి లిగ్నిన్ విడిపోయి అందులోంచి వెనిలిన్ పుడుతుంది. అవును, మీ ఒకటో కాగితం మీద ఉన్నదే. వెనిలా కాయ ముట్టుకోకుండానే పీపాలో వెనిలా వాసన వస్తుంది. కిలియన్ సంస్థ పెట్టిన కిలియన్ హెన్నెసీ, ఆ కోన్యాక్ తయారుచేసే హెన్నెసీ కుటుంబం మనిషే, కాబట్టి ఈ పేరు ఆయన ఇంటి పేరు లాంటిది.

ఇప్పుడు ఒకటో కాగితం, రెండో కాగితం పక్కపక్కన పెట్టి ఒకేసారి పీల్చండి. ఏమైనా తేడా తెలిసిందా? వెనిలా కొంచెం ముదిరినట్టు లేదూ? లవంగంలోని ఆ ఆసుపత్రి వాసన తగ్గినట్టు లేదూ? నాకైతే మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. దీనికి కారణం ఉంది. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్, వెనిలా కాయలో ముఖ్యమైనది వెనిలిన్. ఈ రెండు అణువుల బొమ్మలు గీసి చూస్తే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, నడుం భాగం ఒకటే, చివర ఒక్క తోక తేడా. ఇది నేను అలంకారంగా అంటున్న మాట కాదు. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు దేవదారు జాతి చెట్ల నుంచి తీసిన పదార్థంతో మొదటిసారి వెనిలిన్ తయారుచేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు లోకానికి వెనిలిన్ వచ్చింది దేనినుంచో తెలుసా? లవంగ నూనె నుంచి. యూజినాల్ తోకని కోసి సరిచేస్తే వెనిలిన్ అవుతుంది. ఘాటులోంచే తీపి వాసన తీశారు. మసాలా వేరు, మిఠాయి వేరు అని మనం రెండు డబ్బాల్లో పెట్టుకున్నాం గానీ అణువుల దగ్గర అంత దూరం లేదు.

టోంకా గింజది కూడా ఇలాంటి కథే. దక్షిణ అమెరికాలో పండుతుంది, నల్లగా ముడతలుపడి ఎండు ఖర్జూరంలా ఉంటుంది. అందులో కూమరిన్ అనే పదార్థం ఎంతుంటుందంటే గింజ మీద తెల్లగా పలుకులు కడుతుంది. వాసన చూస్తే బాదం, వెనిలా, ఎండుగడ్డి కలిసినట్టు. ఇదే కూమరిన్ మన వంటింట్లో ఎక్కడుంది? దాల్చినచెక్కలో. మీ ఇంట్లో చెక్క తీసి చూడండి, మందంగా, ఒకే పొరగా, గట్టిగా ఉందా? అది క్యాసియా. పల్చటి పొరలు చుట్టలా చుట్టుకుని, వేలితో నలిపితే పొడైపోతోందా? అది సిలోన్ దాల్చిన. మన బజార్లో దొరికేది ఎక్కువగా క్యాసియానే, కూమరిన్ ఎక్కువ ఉన్నదీ అదే. అంటే మసాలా డబ్బాలోని చెక్కలో ఘాటు, తియ్యటి వాసన రెండూ ముందునుంచే ఉన్నాయి. ఏంజెల్స్ షేర్‌లో దాల్చిన, టోంకా అంత సాఫీగా కలిసిపోవడం చూస్తే, ముందే చుట్టరికం ఉన్నవాళ్ళని ఒక చోట కూర్చోబెట్టారు అనిపిస్తుంది నాకు.

సరే, చుట్టరికం ఉంది. మరి ఘాటు తీపిని ఎలా నిలబెడుతుంది? ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ముక్కుకి తీపి తెలుస్తుందా? ఆలోచించండి. తీపి అనేది నాలుక పని. వెనిలా ఎసెన్సు ఒక చుక్క నాలుక మీద వేసుకోండి, చేదు. అయినా తియ్యటి వాసన అంటాం. ఎందుకంటే పుట్టినప్పటినుంచి ఆ వాసన మనకి పంచదారతో కలిసే తగిలింది. ముక్కు ఆ జంటని నేర్చుకుంది. ఘాటు అలా కాదు. ఘాటు అసలు వాసనే కాదు, స్పర్శ. ముక్కులో వాసన పట్టే నరం ఒకటి, మొహం అంతా చల్లదనం, మంట, చిమచిమ తెలియజేసే నరం వేరొకటి. మిరపకాయ కారం నరం మీద ఏ గ్రాహకానికి, అంటే ఆ మంటని పట్టుకునే ఏ అణువుకి, తగులుతుందో కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. దాల్చిన నూనెలోని సినమాల్డిహైడ్ పనిచేసేది కూడా ఆ కుటుంబంలోని ఇంకో గ్రాహకం మీదే. కాబట్టి దాల్చిన తగలగానే ముక్కు లోపల ఎవరో మెల్లగా గిల్లినట్టు ఉంటుంది. ఉట్టి తీపి వాసన అయితే ముక్కు కాసేపటికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది, లేదా వెగటు పుడుతుంది. ఆ గిల్లుడు ఉంటే మళ్ళీ మళ్ళీ తీపి వైపు చూస్తుంది. ఇది నా అనుభవం మీద చెప్తున్న మాట, కానీ పదహారేళ్ళ అనుభవం.

చరిత్ర తొందరగా చెప్పేస్తాను. 1889లో గెర్లాన్ అనే ఫ్రెంచి సెంట్ల సంస్థ తెచ్చిన జికీ అనే సెంటులో కూమరిన్, వెనిలిన్ రెండూ పడ్డాయి. 1925లో అదే ఇంటినుంచి షాలిమార్ వచ్చింది, మొగలాయి తోట పేరు, వెనిలా దండిగా. 1977లో ఓపియం, లవంగం ముందుకి వచ్చి కూర్చున్న సెంటు. కానీ తినే తీపి వాసన పూర్తిగా బయటికి వచ్చింది 1992లో, మ్యుగ్లర్ వాళ్ళ ఏంజెల్ అనే ఇంకో సెంటుతో. ఒలివియే క్రెస్ప్ చేశాడు. అందులో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం ఉంది, దాని వాసన అచ్చం పీచుమిఠాయి. జాతరలో గులాబిరంగు పీచుమిఠాయి బండి పక్కన నిలబడ్డారా ఎప్పుడైనా? అదే. అయితే క్రెస్ప్ ఆ పీచుమిఠాయిని ఒంటరిగా వదల్లేదు, తడిమట్టిలా, పాత బీరువాలా ఉండే పచ్చౌలి నూనె దండిగా పోశాడు. తీపికి ఎదురు నిలిచేది ఒకటి ఉండాలి అన్న సంగతి ఆయనకి తెలుసు. కొందరు దాన్ని పచ్చౌలితో చేశారు, ఇంకొందరు పొగాకుతో, లపూజా దాల్చినతో చేశాడు.

వెనిలా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఈ తీపి వెనక ఒక పిల్లవాడు ఉన్నాడు. వెనిలా మెక్సికో తీగ, ఆర్కిడ్ జాతి. ఇతర దేశాలకి తీసుకెళ్ళి నాటారు, పూసింది గానీ కాయలేదు. పువ్వు ఒక్కపూట మాత్రమే విచ్చుకుంటుంది, లోపల పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య ఒక పల్చటి పొర అడ్డం ఉంటుంది. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిస కుర్రాడు ఒక సన్నటి పుల్లతో ఆ పొరని పైకెత్తి, బొటనవేలితో అలా నొక్కి ఆ రెంటినీ కలిపాడు. అంతే. ఇవాళ్టికీ మడగాస్కర్ తోటల్లో ప్రతి పువ్వునీ మనుషులు ఆ పద్ధతిలోనే ఒక్కొక్కటిగా కలుపుతున్నారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక అతనికి అల్బియస్ అనే ఇంటిపేరు ఇచ్చారు, డబ్బు మాత్రం రాలేదు, 1880లో పేదరికంలోనే పోయాడు. అసలు వెనిలా వాసన చూసినప్పుడల్లా నాకు ఆ బొటనవేలు గుర్తొస్తుంది.

మన వైపుకి వద్దాం. మెంతులు. ఇక్కడ ఎంతమందికి మెంతుల వాసన ఇష్టం? చేతులెత్తండి. పర్లేదే, సగం మంది ఉన్నారు. మెంతుల్లో సోటొలోన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ మోతాదులో ఉంటే మెంతి వాసన, కూర వాసన. బాగా పల్చబరిస్తే? పాకం. కాలిన పంచదార పాకం. అదే పదార్థం, మోతాదు ఒక్కటే తేడా. 2005లో న్యూయార్క్‌లో ఒక రాత్రి ఊరంతా తియ్యటి మేపుల్ సిరప్ వాసన వచ్చింది, జనం హడలిపోయి ఫోన్లు చేశారు, ఏదో విషవాయువు అనుకున్నారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది. చివరికి 2009లో మేయర్ బ్లూంబర్గ్ ప్రకటించాడు, నది అవతల న్యూజెర్సీలో ఒక ఫ్యాక్టరీలో మెంతుల నుంచి ఫ్లేవర్ తీస్తున్నారు, గాలి వాటున ఆ వాసన ఇటు వస్తోంది అని. మన ఇంట్లో బాలింతకి మెంతులు పెడితే ఒంటి చెమటకి కూడా ఆ వాసన పడుతుంది కదా, పెద్దవాళ్ళకి తెలిసిన సంగతే. ఆవకాయ జాడీలో ఉన్నదీ, న్యూయార్క్‌ని కంగారుపెట్టిందీ ఒకటే.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి. రెండేళ్ళ కిందట వేసవిలో గుడివాడ దగ్గర మా చుట్టాల పెళ్ళి. ఏంజెల్స్ షేర్ రెండు స్ప్రేలు కొట్టుకుని వెళ్ళాను. మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర వాసన చూసి, "ఏమే, పాకం పట్టి వస్తున్నావా? ఏలక్కాయ మర్చిపోయావే" అంది. మొదట నాకు అర్థం కాలేదు. అదే పెళ్ళికి వచ్చిన మా హైదరాబాద్ ఫ్రెండ్ బగారా అన్నం గుర్తొచ్చింది అంది. ఫ్రాన్స్‌లో పదేళ్ళుగా ఉంటున్న మా తమ్ముడేమో క్రిస్మస్‌కి కాల్చే యాపిల్ కేకు అన్నాడు. ఒకే మణికట్టు, మూడు ముక్కులు, మూడు వంటిళ్ళు. వాళ్ళకి దాల్చినచెక్క పుట్టిందే తీపి రొట్టెల్లో. మనకి దాల్చినచెక్క పుట్టింది పులావులో, మాంసంలో. మనకి తీపి పక్కన ఉండేది ఏలక్కాయ, పచ్చకర్పూరం, జాజికాయ. మీరు ఇందాక మనసులో పెట్టుకున్నది ఏమిటో చెప్పండి చూద్దాం. బిర్యానీ... దమ్ము టీ... చర్చి పక్క బేకరీ... చూశారా!

పెద్దమ్మ అక్కడితో ఆగలేదు. మర్నాడు నన్ను వంటింట్లోకి పిలిచి పరమాన్నం చేసి చూపించింది. బియ్యం మెత్తగా ఉడికాక దించి, కాస్త చల్లారాక బెల్లం వేసింది, వేడి మీద వేస్తే పాలు విరుగుతాయి కదా. ఏలక్కాయలు మాత్రం అప్పటికప్పుడు పొట్టు తీసి, నల్లగింజలు కాసిని పంచదార పలుకులతో నూరి, అన్నిటికన్నా చివర చల్లి మూత పెట్టేసింది. "ముందే వేస్తే పైకి పోతుందే, గిన్నెకి ఏం మిగలదు" అంది. ఆఖరున పచ్చకర్పూరం ఆవగింజంత, అంతకన్నా చిన్నది, వేళ్ళ మధ్య నలిపి. నేను అడిగాను, అది ఎందుకు పెద్దమ్మా, కనపడనంత వేస్తున్నావు అని. "అది లేకపోతే రెండో గరిటె ఎవరూ అడగరు" అంది. పెర్‌ఫ్యూమరీ క్లాసులో ముందు ఎగిరిపోయేది టాప్ నోటు, చివరిదాకా నిలిచేది బేస్ నోటు అని బోర్డు మీద గీసి చెప్పేదాన్ని ఆవిడ మూత పెట్టి చెప్పింది.

ఇలాంటి కలయిక మనకి కొత్తదీ కాదు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఉంది, ఏ సరుకు మీద ఎంత సుంకమో అందులో చెక్కించాడు. గంధం, కర్పూరం, పన్నీరు, మిరియాలు, అన్నీ ఒకే రాయి మీద. వాసన సరుకూ వంట సరుకూ ఒకే ఓడలో దిగేవి. ఇప్పుడు కూడా మీకు ఓపిక ఉంటే చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి అత్తరు కొట్లకి వెళ్ళి శమామా అనే మసాలా అత్తరు చూపించమనండి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగీల్లో కాచి, ఆవిరిని గంధపు నూనెలోకి దింపి తీస్తారు, లవంగం, ఏలక్కాయ, జాజికాయ, జాపత్రి, ఇంకా ఎన్నో మూలికలు. కొట్టువాడు సన్నటి గాజు పుల్లతో మీ మణికట్టు వెనక రాస్తాడు. వెంటనే కొనకండి. గంట తిరిగి, ఇరానీ చాయ్ తాగి, మళ్ళీ చెయ్యి వాసన చూసుకుని అప్పుడు కొనండి.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది ముఖ్యం. ఇవన్నీ వంటింటి వస్తువులే కదా అని నూనెలు తెచ్చి ఒంటికి రాసుకోకండి. నేను రాసుకున్నాను. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో దాల్చిన నూనె కొన్నాను, సీసా మీద పల్చబరచాలన్న హెచ్చరిక లేదు, మణికట్టు మీద ఒక చుక్క వేసుకున్నాను. పది నిమిషాల్లో ఎర్రగా అయింది, రాత్రికి బొబ్బలు, వారం రోజులు బాధపడ్డాను. సినమాల్డిహైడ్, యూజినాల్ రెండూ చర్మాన్ని రేపే పదార్థాలు, అందుకే సెంట్లలో ఎంతవరకు వాడొచ్చో అంతర్జాతీయంగా పరిమితులు పెట్టారు, యూరప్‌లో అయితే పెట్టె మీద పేరు రాయాల్సిందే. ఇంకోటి, మన ఎండలు. పారిస్ చలికి చేసిన సెంటు ఇది. మే నెలలో, ఏసీ కారులో, నలుగురి మధ్య ఐదు స్ప్రేలు కొడితే పక్కవాళ్ళకి తలనొప్పి వస్తుంది. ఒక్క స్ప్రే, అదీ చొక్కా లోపల, ఛాతీ మీద. నవంబరు నుంచి సంక్రాంతి దాకా అయితే హాయిగా వాడుకోండి.

సమయం అయిపోతోంది అని చెయ్యి చూపిస్తున్నారు. సరే, ఆ మూడో కాగితం తీయండి. ఎవరిదైనా పోయిందా? పక్కవాళ్ళది తీసుకోండి. ఇప్పుడు పీల్చండి. ఇందాక ముందుకి దూకిన దాల్చిన ఎక్కడ ఉంది? చాలావరకు తగ్గిపోయింది కదా, ఆ సారాయి మెరుపు కూడా పోయింది. మిగిలింది వెనిలా, టోంకా, అడుగున కాస్త చెక్క వాసన. బరువైన అణువులు మెల్లగా లేస్తాయి. ఇప్పుడు దీన్ని ఇలాగే ఇంటికి తీసుకెళ్ళి, పుస్తకంలో పెట్టకండి, పుస్తకానికి పట్టేస్తుంది, వంటింటికి దూరంగా ఒక గ్లాసులో నిలబెట్టండి. రేపు పొద్దున కాఫీ తాగకముందు మళ్ళీ చూడండి. ఎవరికైనా అందులో ఏలక్కాయ లేని లోటు తెలిస్తే నాకు చెప్పండి, మా పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్తాను.